నలభై ఒకటో పాట

పటమట, విజయవాడ
9 జూన్ 2025

కనకం,

ఉత్తరం చూసి కంగారుపడకు. ఎవరికీ ఏమీ కాలేదు. మొన్న ఫోను చేస్తే "ఏదున్నా కాగితం మీద రాయి ఇందిరా, నోటి మాటలు నాకొద్దు" అని పెట్టేశావు. ఇన్నేళ్ళ తరవాత నీ గొంతు విన్నది ఆ ఒక్క ముక్కే. సరే, కాగితం మీదే రాస్తున్నాను.

రిటైరయ్యాక రెండేళ్ళు ఏం చేశానంటే చెప్పడానికేమీ లేదు. మూడో ఏడు కంప్యూటర్ మొదలుపెట్టాను. మా అక్క మనవరాలు సంయుక్త మా వీధిలోనే ఉంటుంది, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. మనం తొంభైలో ఊళ్ళంట తిరిగి రాసుకున్న నాట్ల పాటలు ఇంటర్నెట్‌లో పెట్టాలని ఉందే అంటే, "నేను చేసిచ్చేస్తాగా అమ్మమ్మా, రెండు ఆదివారాల పని" అంది. నువ్వు చేసిస్తే అది ఆగిపోయినప్పుడల్లా నిన్ను బతిమాలుకోవాలి, నాకు నేర్పు అన్నాను. నవ్వింది. కానీ నేర్పుతోంది.

జావాస్క్రిప్టు అనే భాషలో కట్టిన సాధనం అది. కంటెంట్ మేనేజ్‌మెంట్ సిస్టమ్ అంటారు. లోపల మనం కూర్చుని పాటలు ఎక్కించుకునే చోటు ఒకటి ఉంటుంది. వాటిని బయటివాళ్ళకి పేజీలుగా చూపించడానికి ఫ్రేమ్‌వర్క్ అని ఇంకొకటి. మొదటిరోజు నల్లటి తెర మీద ఒక్క లైను కొట్టమంది సంయుక్త. కొట్టాను. బిలబిలమంటూ అక్షరాలు పరుగెత్తాయి, చివర్న అది నన్ను ఒక ప్రశ్న అడిగింది: ప్రాజెక్టు పేరేమిటి? పది నిమిషాలు ఆలోచించి ఇంగ్లీషు అక్షరాల్లో 'నాట్లపాటలు' అని కొట్టాను. మర్నాడు ఒక కామా మర్చిపోతే మొత్తం ఎర్రబడి కూర్చుంది. ముప్పై నాలుగేళ్ళు పిల్లల పేపర్లలో తప్పులు దిద్దినదాన్ని, ఒక్క కామా కోసం పూటంతా వెతికాను.

అసలు సంగతి. పదకొండు నోటుబుక్కులూ నీ దగ్గరే ఉన్నాయి. ఒక్కసారి పంపుతావా? బస్సులో పార్శిలు వేసినా చాలు. టైపు చేసుకుని జాగ్రత్తగా తిరిగి పంపిస్తాను.

నీ
ఇందిర

*

చల్లపల్లి
18 జూన్ 2025

ఇందిరకి,

నోటుబుక్కులు పంపను.

కారణం నీకు తెలుసు. తొంభై ఆరులో ఇలాగే "ఒక్కసారి పంపుతావా" అన్నావు. పంపాను. ఆర్నెల్లకి పుస్తకం వచ్చింది. అట్ట మీద సేకరణ అని నీ పేరు ఒక్కటే ఉంది. అదేమిటంటే, "నీ పేరు వద్దని నువ్వే ఫోన్లో అన్నావు కదా" అన్నావు. నేనలా అనలేదు. అందుకే అప్పట్నుంచీ నీతో ఫోను లేదు. కాగితమైతే అన్నదీ అననిదీ కనబడుతుంది.

ఇప్పుడు ఈ కొత్త సాధనం. దాని గురించి నువ్వు రాసింది రెండుసార్లు చదివాను. లోపల కూర్చునేది ఎవరు? నువ్వు. తాళం ఎవరి దగ్గర? నీ దగ్గర. అచ్చయిన పుస్తకమైతే కనీసం ఎక్కడికీ పోదు. ఇందులో నువ్వు ఇవాళ ఒక మాట పెట్టి రేపు తీసేస్తే అడిగేవాళ్ళెవరు?

సేకరించినవారు అన్న చోట ఎవరి పేరు వస్తుందో, పాడినవాళ్ళ పేర్లు వస్తాయో రావో ముందు రాయి. అది తేలాక ఆలోచిస్తాను. ఒకవేళ ఒప్పుకున్నా పాటలు నేనే ఎక్కిస్తాను. నా నోటుబుక్కు గడప దాటదు.

కనకలక్ష్మి

*

పటమట
1 జూలై 2025

కనకం,

నువ్వడిగినవన్నీ నేను కూర్చుని చేశాను. సంయుక్త చెయ్యి పెట్టలేదు.

ఒక్కో పాటకీ ఇన్ని గళ్ళు ఉండాలని ముందే ఒక ఫైల్లో రాసి చెప్పాలి. పాట మొదటి చరణం, పూర్తి పాట, ఊరు, పాడినవారు, సేకరించినవారు. సేకరించినవారు అన్న గడి మొదట ఒక్క పేరే తీసుకునేట్టు పెట్టాను. నీ ఉత్తరం చూసి సిగ్గేసింది. మార్చాను. ఇప్పుడు ప్రతి పాటకీ రెండు పేర్లూ వాటంతటవే వస్తాయి. ముందు నీది. పాడినవారు అన్న గడి ఖాళీగా ఉన్నా ఒప్పుకుంటుంది, ఎందుకంటే సగం పాటలకి గుంపులో ఎవరెవరు పాడారో మనం రాసుకోలేదు.

నీకు వేరే లాగిన్ పెట్టాను. పేరూ పాస్‌వర్డూ వేరే కాగితం మీద రాసి ఇందులోనే మడిచిపెట్టాను. నువ్వు ఎక్కించిన పాట ముందు చిత్తుగా ఉంటుంది, పబ్లిష్ నొక్కితేనే పేజీలో కనిపిస్తుంది.

తాళం గురించి అడిగావు. ఈ సాధనం ప్రతి మార్పునీ గుర్తుపెట్టుకుంటుంది. ఎవరు మార్చారు, ఏ రోజు, ఎన్ని గంటలకి, ముందేముంది, తరవాతేముంది, అన్నీ. నేను మార్చినా రాసుకుంటుంది. నువ్వు మార్చినా రాసుకుంటుంది. అలా రాసుకోమని నేనే పెట్టాను.

కాలవలకి నీళ్ళొదిలారు. బందరు కాలవ నిండుగా పోతోంది. మీ వైపు నాట్లు మొదలయ్యాయా?

ఇందిర

*

చల్లపల్లి
26 జూలై 2025

ఇందిరకి,

నలభై ఆరు పాటలు ఎక్కించాను. నాకు తెలుగు టైపు రాదు కనక బస్టాండు దగ్గర జిరాక్స్, నెట్ షాపు నడిపే అమ్మాయి దగ్గర కూర్చుంటున్నాను. పేరు బ్లెస్సీ. డిగ్రీ చదివింది, పెళ్ళయింది, షాపు తనదే. నేను నోటుబుక్కులోంచి చదువుతుంటే ఆ పిల్ల కొడుతుంది. మాట మాట్లాడదు. ఏ ఊరమ్మా అంటే "ఇక్కడేనండీ" అంటుంది. పని మాత్రం శుభ్రం.

ఇప్పుడు నీ సంగతికి వస్తాను.

నలభై ఒకటో పాట మా పుట్టినూళ్ళో రావమ్మ పాడింది. గుర్తుండే ఉంటుంది, మా పొలాల్లో నాటేసేది, నల్లగా పొడుగ్గా ఉండేది, ముప్పై ఎనిమిదేళ్ళుంటాయి అప్పుడు. జూలై పద్నాలుగున ఆ పాట ఎక్కించి, పాడినవారు అన్నచోట రావమ్మ అని పెట్టించాను. పదహారున చూస్తే ఆ గడి ఖాళీ. నేనే మర్చిపోయాననుకుని మళ్ళీ పెట్టించాను. పంతొమ్మిదిన మళ్ళీ ఖాళీ. మళ్ళీ పెట్టాను. ఇరవై నాలుగున మళ్ళీ ఖాళీ!

నలభై అయిదు పాటలు చెక్కుచెదరలేదు. ఈ ఒక్కదానిలో ఒక్క గడి. దీనికి కామా తప్పిందనో, ఎర్రబడిందనో కథలు చెప్పకు. లోపలికి వెళ్ళగలిగేది ఇద్దరమే. నేను కాదు.

తొంభై ఆరులో నా పేరు తీశావు. ఇప్పుడు కూలిపని చేసుకుని బతికిన మనిషి పేరు తీస్తున్నావు. ఆమె నిన్నేం చేసింది?

కనకలక్ష్మి

*

పటమట
3 ఆగస్టు 2025

కనకలక్ష్మికి,

నీ ఉత్తరం చదివి రెండు రోజులు కంప్యూటర్ తెరవలేదు.

మూడోరోజు తెరిచి నలభై ఒకటో పాట చరిత్ర మొత్తం అచ్చు తీశాను. దీంతో పంపుతున్నాను. చూడు. పద్నాలుగున పాట ఎక్కించింది: కనకలక్ష్మి. పదిహేను, మంగళవారం, ఉదయం పదకొండూ నలభైకి పాడినవారి పేరు తీసేసింది: కనకలక్ష్మి. పంతొమ్మిదిన తీసేసింది: కనకలక్ష్మి. ఇరవై నాలుగున తీసేసింది: కనకలక్ష్మి. నా పేరు ఎక్కడా లేదు.

ఒక ప్రశ్న నేనూ అడుగుతాను. పాడినవారి పేరు లేని పాటలు నువ్వు ఎక్కించినవాటిలోనే ఇరవై ఉన్నాయి. వాటి గురించి నువ్వొక్క ముక్క రాయలేదు. ఈ ఒక్క పాట కింద రావమ్మ పేరు ఉండి తీరాలని నీకు ఇంత పట్టు ఎందుకు?

ఇందిర

*

చల్లపల్లి
14 ఆగస్టు 2025

ఇందిరకి,

నీ అచ్చు కాగితం అందింది.

జూలై పదిహేను మంగళవారం పదకొండూ నలభైకి నేను బందరులో కంటి డాక్టరు గది బయట బెంచీ మీద ఉన్నాను. కంట్లో మందు వేసి గంటసేపు కళ్ళు మూసుకోమన్నారు. చీటీ ఉంది, దాచాను. కాబట్టి ఆ రోజు కనకలక్ష్మి పేరుతో లోపలికి వెళ్ళింది కనకలక్ష్మి కాదు. నా పాస్‌వర్డు రాసి పంపింది ఎవరు? నువ్వు. నా పేరుతో వెళ్ళి పని చేసుకుని, చరిత్ర చూడు చరిత్ర చూడు అని నాకే అచ్చు తీసి పంపుతావా? తెలివైనదానివే.

నాకు నువ్వెరగని పాస్‌వర్డు కావాలి. నువ్వు చూడలేనిది, నీ సంయుక్త చూడలేనిది. అలాంటిది వీలవుతుందో లేదో రాయి. వీలవకపోతే నలభై ఆరు పాటలూ తీసేయించుకుంటాను.

నువ్వడిగిన ప్రశ్నకి జవాబు: పాడిన మనిషి పేరు ఉండాలనుకోవడానికి కారణం కావాలా?

కనకలక్ష్మి

*

పటమట
21 ఆగస్టు 2025

కనకలక్ష్మికి,

వీలవుతుంది. నీ ఈమెయిల్‌కి ఒక లింకు పంపాను. అది నొక్కి నీ ఇష్టం వచ్చిన పాస్‌వర్డు పెట్టుకో. అది నాకు కనిపించదు. సంయుక్తకీ కనిపించదు. గుర్తుపట్టలేని అక్షరాల ముద్దగా మార్చి దాచుకుంటుంది.

పాటల పేజీలు బయటికి కనపడే పని మొత్తం అయిపోయింది. లోకానికి తెరవడమే తరువాయి. తెరవను. ఈ పేచీ తేలేదాకా అది నా కంప్యూటర్లోనూ నీ కళ్ళ ముందూ మాత్రమే ఉంటుంది. దొంగనన్న పేరుతో మాత్రం తెరవలేను.

ఇక తొంభై ఆరు. "పుస్తకం మీద నా పేరు వద్దు ఇందిరా" అన్నది నువ్వే. శుక్రవారం సాయంత్రం, మా స్టాఫ్‌రూములోని ఫోనుకి చేశావు. ఎందుకు వద్దన్నావో నాకప్పుడు అర్థం కాలేదనుకుంటున్నావేమో. అనుకోకు.

ఇందిర

*

చల్లపల్లి
6 సెప్టెంబరు 2025

ఇందిరా,

నేను నీకు క్షమాపణ చెప్పాలో, నువ్వే ఇంకా పెద్ద ఆట ఆడుతున్నావో తెలియడం లేదు. జరిగింది జరిగినట్టు రాస్తాను.

కొత్త పాస్‌వర్డు బ్లెస్సీ షాపులోనే పెట్టుకున్నాను. నేను చెప్తుంటే ఆ పిల్లే కొట్టింది. రావమ్మ పేరు మళ్ళీ పెట్టించాను. ఆగస్టు ముప్పైన మళ్ళీ పోయింది! ఆ పాస్‌వర్డు తెలిసింది ఇద్దరికే. నాకూ, దాన్ని కొట్టిన వేళ్ళకీ.

సోమవారం షాపుకి వెళ్ళి జనం పోయేదాకా కూర్చున్నాను. తరవాత అడిగాను.

"ఎవరు చెయ్యమన్నారు బ్లెస్సీ? ఇందిరాదేవిగారా?"

"ఆవిడెవరో నాకు తెలీదండీ."

"మరి రావమ్మ పేరు ఎందుకు తీస్తున్నావు?"

ఆ పిల్ల కంగారుపడుతుందనుకున్నాను. ఏం పడలేదు. ఆధార్ జిరాక్సులు దొంతి పెట్టుకుంటూ చెప్పింది.

"మా అమ్మమ్మండీ. మీ ఊరే. నేను ఇక్కడికి కోడలిగా వచ్చాను. మీరు చదువుతుంటే మా అమ్మమ్మ పాటేనని తెలిసింది. ఆరోజు ఇంటికెళ్ళి ఫోన్లో చదివి వినిపించాను. సంతోషపడుద్దనుకున్నా. రెండు చరణాలు ఊఁ కొట్టింది. మూడోది వినగానే 'ఇది నేను పాళ్ళేదు, ఎవరు పాడారో వాళ్ళ పేరే పెట్టుకోమను' అంది. తన పేరు తియ్యమంది."

"నాకు చెప్పొచ్చుగా?"

"చెప్తే మీరు నమ్ముతారాండీ?" అంది. దొంతి పక్కకి పెట్టి, "పాట మీరు మార్చుకున్నారు. దాని జోలికి నేను పోలేదు. పేరు మాది కదండీ" అంది.

అంత ధైర్యం ఆ పిల్లకి ఎక్కడిదో. నువ్వు వెనకాల ఉన్నావేమోనని ఇంటికొచ్చేదాకా అనుమానిస్తూనే ఉన్నాను. ఇప్పుడు నువ్వు లేవనే అనిపిస్తోంది. నిన్ను దొంగ అన్నందుకు నన్నేమనాలనుకుంటే అది అను.

రావమ్మకి డెబ్భై మూడేళ్ళు. ముప్పై అయిదేళ్ళ కిందటి పాట చరణాలు అటూ ఇటూ అయి ఉంటాయి. జ్ఞాపకం అంతే కదా. నోటుబుక్కులో నేను రాసింది నాకు కనబడుతూనే ఉంది:

నారు కట్టలు మోసి నడుము పట్టిందే ఓ సుందరమ్మా
గట్టు మీద కూలబడి కేక వేసిందే ఓ సుందరమ్మా
బండి కట్టే వేళకే వాన ముంచుకొచ్చె ఓ సుందరమ్మా
ఎడ్ల కాళ్ళు బురదలో దిగబడిపాయె ఓ సుందరమ్మా

ఇందులో ఎవరికి కోపం రావాలి? పెద్దావిడ మరుపు అని రాసి, ఆ గడి ఖాళీగా వదిలేద్దాం. ఏమంటావు?

కనకం

*

పటమట
13 సెప్టెంబరు 2025

కనకం,

వదిలెయ్యను.

ఆ రోజు నేనూ గట్టు మీదే ఉన్నాను. నా చెప్పులు బురదలో కూరుకుపోతే చేత్తో పట్టుకుని నిలబడ్డాను. నువ్వు రాసుకుంటున్నావు. రావమ్మ నాటేస్తూ, వంగిన నడుము ఎత్తకుండా పాడింది. నాకు చెవుడు లేదు. ఆమె పాడింది ఇది:

బండి కట్టమంటేను కామందు ఏమనె ఓ సుందరమ్మా
ఎడ్లు అలిసిపోయినయ్యని ఇంట్లోకెళ్ళె ఓ సుందరమ్మా

వాన ఆ పాటలో లేదు. బురదా లేదు. నువ్వు ఇంటికెళ్ళి సాఫుగా తిరగరాసిన కాపీ వారం తరవాత నాకు చూపించావు. అందులో వాన వచ్చింది. నీ ముఖం చూశాను. నువ్వు నా ముఖం చూడలేదు.

ఆ ఊళ్ళో ఆ పొలాలకి కామందు ఎవరో నాకు తెలుసు. ఆ రాత్రి మీ నాన్నగారి ఇంట్లో అన్నం తిన్నాను. ఆయన స్వయంగా నెయ్యి వడ్డించారు. ఆ చేతి అన్నం తిని, ఆయన కూతుర్ని ఏమని అడగను? ఎప్పుడో నువ్వే చెప్తావులే అనుకున్నాను. తొంభై ఆరులో పేరు వద్దన్నప్పుడు, సరే, అబద్ధం మీద సంతకం పెట్టలేకపోతోంది, అది కూడా ఒక రకం నిజాయితీయేలే అనుకున్నాను. కానీ ఆ పాట తీసెయ్యకుండా అలాగే అచ్చు వేయించింది నేను. దాని మీద నా పేరు ఒక్కటే ఉంది. కాబట్టి నువ్వు ఒక్కదానివే కాదు.

ఈ వెబ్‌సైట్ మొదలుపెట్టేటప్పుడు నాకూ ఒక అనుమానం ఉంది. నోటుబుక్కులు పంపమన్నది టైపు కోసం మాత్రమే కాదు. ఆ పేజీలో చెరిపిన జాడ ఏమైనా ఉందేమో, తొంభై ఆరులో చూడనిది ఈసారైనా చూద్దామనుకున్నాను. నీ మీద నేను నిఘా పెట్టాననే అనుకో. నువ్వు నా గురించి అనుకున్నది పూర్తిగా తప్పు కాదు.

పెద్దావిడ మరుపు అని మాత్రం రాయకు. నీకు దణ్ణం పెడతాను.

ఇందిర

*

చల్లపల్లి
28 సెప్టెంబరు 2025

ఇందిరా,

నీ ఉత్తరం వచ్చాక పదిరోజులు ఏమీ రాయలేదు. రాయడానికి ముందు ఒక చోటికి వెళ్ళాలనిపించింది. మొన్న గురువారం వెళ్ళొచ్చాను. ఈ రెండు ముక్కలూ ముందు నీ దగ్గర ఒప్పుకోనీ. తొంభై ఆరులో "నా పేరు వద్దు" అని నేను అన్నాను. ఇరవై తొమ్మిదేళ్ళు అనలేదని వాదించాను, చివరికి నాకే నమ్మకం కుదిరింది. పాట మార్చిందీ నేనే. అప్పటికి నాన్న బతికి ఉన్నారు, తమ్ముడు దుర్గాప్రసాద్‌కి సంబంధాలు చూస్తున్నారు, ఊళ్ళో పుస్తకం చదువుతారు అనుకున్నాను. ఇవి కారణాలే, సాకులు కూడా.

ఇంకోటి నీకు కూడా తెలియదు. సుందరమ్మ గట్టు మీద పడిపోయిన రోజు నాకు తొమ్మిదేళ్ళు. బడికి సెలవు. ఎడ్లు మా కొట్టంలోనే ఉన్నాయి. గడ్డి నెమరేస్తూ పడుకుని ఉన్నాయి. వాకిట్లో ఆడవాళ్ళు ఏడుస్తూ అడుగుతున్నారు. నాన్న లోపలికి వచ్చి తలుపు దగ్గరికి వేసి నాతో "నువ్వెళ్ళి చదువుకో" అన్నారు. వెళ్ళి చదువుకున్నాను.

గురువారం బ్లెస్సీ తన బండి మీద వెనక కూర్చోబెట్టుకుని తీసుకెళ్ళింది. నేను అడిగాను, తను సరే అంది, అంతే.

రావమ్మ వాళ్ళది డాబా ఇల్లు ఇప్పుడు. వాకిట్లో మంచం మీద కూర్చుని మునగాకు దూస్తోంది. నన్ను చూసి లేవబోయింది. వద్దన్నాను. లేవలేదు.

"పెద్ద అమ్మాయిగారా? ఎన్నాళ్ళకి. ఏందమ్మా పనిబడింది?"

"నలభై ఒకటో పాట గురించి రావమ్మా" అన్నాను. ఆమెకి నలభై ఒకటేమిటో తెలియదు కదా. అప్పుడు, "సుందరమ్మ పాట. నేను మార్చి రాశాను. వాన అని పెట్టాను" అన్నాను.

"తెలుసు. పిల్ల చదివింది." మునగాకు దూస్తూనే ఉంది. "ఆ రోజు వాన లేదమ్మా. ఎండ పేలిపోతా ఉంది."

"నాకు తెలుసు."

అప్పుడు చేతులు ఆపి నా వైపు చూసింది. "మీకెట్టా తెలుసు?"

చెప్పాను. ఎడ్లు కొట్టంలో ఉన్నాయనీ, చూశాననీ చెప్పాను. బ్లెస్సీ స్తంభం దగ్గర నిలబడి వింటోంది. రావమ్మ అంది:

"అవి అలిసిపోలేదని అప్పుడే అనుకున్నా. కళ్ళతో చూసినోళ్ళు ఇయ్యాల్టికి చెప్పారు."

నన్ను తిడుతుందనుకున్నాను, లేదంటే పోన్లే అంటుందనుకున్నాను. ఈ రెండూ చెయ్యలేదు. కాసేపటికి నేను అడక్కుండానే పాడింది. గొంతు బొంగురుపోయింది కానీ శ్రుతి తప్పలేదు. నువ్వు రాసిన రెండు చరణాలూ అక్షరం తేడా లేకుండా వచ్చాయి. ఆ తరవాత ఆగలేదు ఇందిరా. మనం వినని చరణాలు ఇంకో రెండు ఉన్నాయి:

తల్లి కన్ను మూసెనే, బిడ్డ కన్ను తెరిచె ఓ సుందరమ్మా
బిడ్డ నెత్తుకోని నే నాటు ముగించొస్తి ఓ సుందరమ్మా

"ఇవి అప్పుడు పాడలేదేం?" అన్నాను.

"మీరు కామందుగారి అమ్మాయని ఎనకమాల ఎవరో చెప్పారు. పాడతా తలెత్తి చూశా. ఆపేశా."

సుందరమ్మ ఆమె అక్క. పాట ఎక్కడో నేర్చుకున్నది కాదు, ఆమె కట్టుకున్నది. ఆ ఏడు నాట్లలోనే, పసిపిల్లని గట్టు మీద గొంగట్లో పడుకోబెట్టి, వంగి నాటేస్తూ కట్టుకున్నది. ఆ పసిపిల్ల పెరిగి పెద్దదైంది. బ్లెస్సీ ఆమె కూతురు. మూడు నెలలు ఆ పిల్ల పక్కన కూర్చుని, వాళ్ళ సొంత అమ్మమ్మ చావు గురించి వాన అనీ బురద అనీ స్పష్టంగా, ఒత్తులు తప్పకుండా చదివి, నేను కొట్టించాను.

"నీ పేరు పెట్టమంటావా వద్దా?" అని అడిగాను.

"నేను పాడింది రాస్తే పెట్టుకోండి. కానీ అక్కడ పాడినవారు అని ఉందంట కదా. పిల్ల చెప్పింది. పాడేది ఎవరైనా పాడతారు. కట్టింది నేను."

"మా నాన్న పేరు?"

"నేను కామందు అనే కట్టా. పేరు పెట్టలా. ఊళ్ళో అందరికీ తెలుసు. మీరు పెడితే పెట్టుకోండి, అది మీ పేరు."

ఇందులో నువ్వు చెయ్యాల్సిన పని ఉంది. పాడినవారు పక్కన కట్టినవారు అని ఇంకో గడి పెట్టు. ప్రతి పాటకీ పెట్టు, ఖాళీగా ఉన్నా సరే. అలాగే సంపాదకుల మాట అని ఇంకో గడి. నలభై ఒకటోదాని కింద అందులో పెట్టడానికి నేను ఇలా రాసిచ్చాను, బ్లెస్సీ కొట్టి ఉంచింది: "ఈ పాటలోని కామందు నా తండ్రి వెంకటకృష్ణారావు. 1990లో నేను ఈ పాటలో రెండు చరణాలు మార్చి రాశాను. 1996 పుస్తకంలో అచ్చయింది ఆ మార్చిన పాట. కనకలక్ష్మి." నీ పేరు నీకు తోచినట్టు నువ్వే చేర్చుకో. పాత పాఠం తీసెయ్యకు. చరిత్రలో ఉన్నది ఉన్నట్టు బయటివాళ్ళకి కూడా కనిపించేట్టు పెట్టే వీలుంటే పెట్టు.

దుర్గాప్రసాద్‌కి చెప్పాను. "చచ్చిపోయిన మనిషిని బజార్లో పెడతావా అక్కా" అని ఫోను పెట్టేశాడు. మూడురోజులైంది. మళ్ళీ చెయ్యలేదు.

ఇంకొక సంగతి. లేచి వచ్చేస్తుంటే రావమ్మ బ్లెస్సీతో ఏదో అంది. బండి ఎక్కాక అడిగితే చెప్పింది. ఆమె దగ్గర ఇలాంటివి ఇంకా పద్దెనిమిదో పంతొమ్మిదో ఉన్నాయట. మనం తిరిగిన రోజుల్లో ఒక్కటీ పాడలేదట. ఇప్పుడు పాడతానంది, ఆ చెప్పులు పట్టుకుని నిలబడ్డ పంతులమ్మ వస్తే. నిన్ను గుర్తుపెట్టుకుంది.

నేను ఉంటే మాత్రం పాడదట.

దసరా సెలవులు అయ్యాక ఏదో ఒక ఆదివారం రా. రికార్డు చేసే ఫోను తెచ్చుకో. బ్లెస్సీ ఉంటుంది, అన్నీ చూసుకుంటుంది. చల్లపల్లి బస్టాండుకి నేను వచ్చి నిన్ను వాళ్ళ ఊరి ఆటో ఎక్కిస్తాను. నువ్వు పాటలు రాసుకుని తిరిగి వచ్చేదాకా నేను ఇంట్లోనే ఉంటాను.

నీ
కనకం